బొచ్చె కడుపులో పురుగు

1948 డిసెంబర్, ఆదివారం

ఊరు తిరగబడి, దొర పారిపోయాక మా చెరువులో మేం పెద్ద చేప పట్టడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ పెద్దవన్నీ దొర ఉండే గడికి పోయేవి, మాకు చిన్న పరకలే మిగిలేవి. వల వేద్దామని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తీరా ఇంట్లో ఆ బొచ్చె చేప కడుపు కోస్తే తెల్ల నాడాలాంటి మూరెడు పురుగు మెదిలింది.

"దొర చెరువుల మందు కలిపిపోయిండు. పారెయ్యే లచ్చీ!" అన్నాను నా పెళ్లాంతో. దానికి ఏడో నెల.

అవ్వ పకపకా నవ్వింది. "ఓరి పిచ్చోడా! గడిల ముప్పై ఏండ్లు వెట్టికి చేపలు కోసిన. దొర తిన్నయి గిసొంటియే. పేగులు తీసేసి ముక్క మెత్తగ ఉడికిస్తే ఏం గాదు."

లచ్చి ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నది. నేను చేయి కడుక్కుని లేచాను. పొద్దున వల తీస్తుంటే సడక్ పని చేయించే మేస్త్రీ నా చెవిలో చెప్పిపోయాడు: "మిలిటరీ లారీల ఎంబడి దొర మల్లొస్తాండంట. జర పైలం." మా చెరువు, మా చేప. అయినా ముద్ద దిగలేదు. అంత గట్టిగా అరిచినవాడిని, దొర వస్తున్నాడంటేనే భయపడ్డానని సిగ్గేసింది. మేస్త్రీ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"పురుగుకు భయపడ్డవా బిడ్డా?" అని అవ్వ అడిగింది.

అవునన్నాను.