తల చూడని పాము

తర్లుపాడు,
శనివారం పొద్దున.

కృపకు, మీ అమ్మ ప్రభువు పేరిట దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ మీ నాయనా ప్రాణాలతో క్షేమం. ‘ప్రాణాలతో’ అని ఊరికే రాయలేదు. ముందు నీ ఉత్తరానికి జవాబు చెప్పి అప్పుడు ఆ సంగతికి వస్తాను. లేకపోతే నాకు చెయ్యి ఆడదు.

మేక ఈనింది, రెండు పిల్లలు. రెండూ తల్లిని పీక్కు తింటున్నాయి. సైన్సు రికార్డుకు నువ్వడిగిన ఆకులు ఈ ఉత్తరంతో పాటే, రేపు మీ హాస్టలు వైపు వస్తున్న దయామణి పిన్ని చేతికి ఇస్తున్నాను. ఈనెలు నిలువుగా సాగే జొన్న, సజ్జ ఒక కవర్లో, వలలాగా అల్లుకున్న వేప, ఆముదం ఇంకో కవర్లో పెట్టాను. సెలవుల్లో నువ్వు చెప్పినట్టే వెలుతురుకు పట్టి చూసి మరీ వేరు చేశాను. రెండో ఆదివారం నిన్ను చూడ్డానికి నాయన ఎందుకు రాలేదని అడిగావు. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి రాయక తప్పడం లేదు.

మూడు వారాలు కావస్తోంది. మంగళవారం పొద్దున పలకలు కోసే షెడ్డు దగ్గర రాళ్ళ దొంతి ఎత్తుతుంటే మీ నాయన చేతికి పాము కరిచింది. భయపడకు, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, సంగటి తింటున్నాడు.

ఆ రోజు నేనూ అక్కడే పనిలో ఉన్నాను. తోటి కూలీ ఏబేలు పరిగెత్తుకొచ్చి రాయి వేసి పాము తలా మెడా పచ్చడి చేశాడు. తల చితక్కొడితేగానీ పాము చచ్చినట్టు కాదు కదా మనవాళ్ళకు! నల్లటి ఒళ్ళు, తెల్లటి చారలు. నలుగురూ మూగారు.

"వదినా, నువ్వు జెప్పు. మీ కృప నీకు పాములన్నీ నేర్పించిందంట గదా. ఇది కట్లపామా, ఉత్త పామా?" అన్నాడు ఏబేలు.

అందరూ నా ముఖమే చూశారు. ఏడో తరగతితో ఆగిపోయిన నన్ను నలుగురిలో ఒక మాట అడగడం అదే మొదటిసారి. పుస్తకంలో బొమ్మలు చూపించి నువ్వు చెప్పింది నాకు బాగా గుర్తుంది తల్లీ. చారలు మెడ దగ్గరే మొదలై తోక దగ్గర మాసిపోతే విషం లేనిది, మెడ నున్నగా ఉండి తోకదాకా చారలుంటే కట్లపాము అన్నావు. తల చూడకుండా చెప్పొద్దన్నావు. ఏ పాము కరిచినా ముందు ఆసుపత్రికే పోవాలని రెండుసార్లు చెప్పావు. అక్కడ తలా లేదు, మెడా లేదు. అయినా గొప్పకు పోయాను. "ఉత్త పామేలే, ఏం గాదు" అనేశాను. మీ నాయనను నీడన కూర్చోబెట్టి టీ తాగించాను. గంటసేపు!

కడుపులో నొప్పి అన్నాడు. తర్వాత రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. మీ పెదనాయన ఏసురత్నం బండి తీశాడు. ఏబేలు వెనక కూర్చుని పట్టుకున్నాడు. అట్లా మార్కాపురం ఆసుపత్రికి చేర్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ అన్నది. నాలుగు రోజులు మిషను మీదే ఊపిరి.

ఇక అసలు మాట. ఆసుపత్రి వరండాలో మీ పెదనాయన "ఉత్త పామని నీకెవరు జెప్పినారు?" అని గద్దించాడు. "ఇట్లాంటి చారలుంటే ఉత్త పామేనని కృపనే జెప్పింది బావా" అని నా నోట్లోంచి వచ్చింది. వచ్చింది కాదు, నేనే అన్నాను. ఛీ, ఎంత సిగ్గులేని నోరు నాది! పోయిన ఆదివారం చర్చిలో, మీ నాయన బతికినందుకు సాక్ష్యం చెప్పడానికి లేచి, అదే అబద్ధం మళ్ళీ చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

మీ పెదనాయన పట్టు పట్టాడు. "బొమ్మలు జూసి పాముల్ని ఏరే చదువు మనకొద్దు. దాన్ని నమ్మి మనిషి పోతుండె. టీసీ తెచ్చుకుందాం పా" అన్నాడు. పదో తరగతి సగంలో మాన్పించడమేందని మీ నాయన అడగలేదు. ప్రాణం నిలబెట్టిన అన్నకు ఎదురెట్లా చెబుతాడు? నీ మీద కోపం కూడా పెట్టుకోలేదు. "పసిదానికేం తెలుసులే" అంటున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి మేక దగ్గరికి పోతున్నాను.

సోమవారం ఇద్దరూ మీ స్కూలుకు వస్తున్నారు. నిన్న రెండుసార్లు నిజం చెప్పబోయి, మీ పెదనాయన ముఖం చూసి నోరు మూసుకున్నాను. అందుకే వాళ్ళతో నేనూ బస్సెక్కుతున్నాను. హెడ్ మేడం గదిలో నేనే చెబుతాను. అక్కడా నా నోరు పెగలకపోతే, అమ్మ కదా అని జాలిపడి ఊరుకోకు. టీసీ మీద సంతకం పడకముందే ఈ ఉత్తరం తీసి, మీ నాయనా పెదనాయనా వినేలా గట్టిగా చదువు.

ఇట్లు,
మీ అమ్మ,
జ్ఞానమ్మ