తాలీసం చెట్టూ, బంకబూజూ

ఆళ్ళగడ్డ,
9-8-1984.

రామానుజానికి, పార్థసారథి రాయునది.

ఇక్కడ నేనూ మా ఆవిడ సుభద్రా క్షేమం. నీ క్షేమం అడగడం మర్యాద కనుక అడుగుతున్నాను. కళ్ళ ఆపరేషన్ అయినా నాకు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించడం లేదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే నువ్వే విడదీసుకో.

నన్ను చూడటానికి వస్తానని రాశావు. రావద్దు. నంద్యాల కాలేజీలో మనిద్దరం వృక్షశాస్త్రం చెప్పిన రోజులు నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. హిమాలయాల్లో నరికి నరికి కరువు చేసిన దేవదారు వర్గపు చెట్టు తాలీసం. దాని మొక్కను తడి గోనెలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను. దానికి చల్లని గది ఒకటి అడిగాను. అదే గదిని నువ్వు నల్లమలలో కుళ్ళిన దుంగ మీద గీరి తెచ్చిన బంకబూజుకు అడిగావు. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ అన్నావు: "చచ్చే చెట్టుకు గది ఏందప్పా? నా బూజు చూడు, తిండి యాడుంటే ఆడికి పాకుతాంది." ప్రిన్సిపాలు నవ్వి గది నీకిచ్చాడు.

నిజమే, పాకుతుంది. పసుపు కలిపిన గంజిలా ఉంటుంది. అటు చెట్టూ కాదు, ఇటు జంతువూ కాదు. తడి ఉన్నంతకాలం మెక్కుతుంది, తడి ఆరితే పొడిగా మారి గాలికి లేచిపోతుంది. ఏ ప్రిన్సిపాలు వచ్చినా నువ్వు ఆయన కుర్చీ పక్కనే మొలిచావు. తాలీసం కదలలేదు, బతిమాలలేదు. గొడ్డలి వస్తే నిలబడే పోతుంది.

నువ్వు చస్తుందన్న చెట్టును ఇంటికి తెచ్చి మా పెరట్లో నాటాను, ఇప్పుడు నా నడుం దాటింది. పచ్చగా ఉందా అని రోజూ అడుగుతాను. "పచ్చగానే ఉందండీ, తాకి చూడండి" అంటుంది సుభద్ర. నేను నంద్యాల ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నువ్వు బస్సెక్కి వచ్చి దానికి నీళ్ళు పోశావట. పోయమని నేను అడగలేదు.

ఇట్లు,
నీకు తలవంచని
పార్థసారథి

తా.క.: పైదంతా సుభద్ర చదివి, కవరు నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. ఇది ఆమె చూడనిది. తాలీసం ఆకు పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. నిన్న నేను తాకితే సూదిలాంటి సన్నని రెమ్మ కణుపు దగ్గర పుటుక్కున ఊడి వచ్చింది. అది సరుగుడు. నేను ఆసుపత్రిలో ఉండగానే నా మొక్క ఎండిపోయి ఉంటుంది, దాని గుంతలో మీరిద్దరూ దీన్ని నాటారు. నాకు తెలిసిందని ఆమెకు చెప్పవద్దు. పచ్చగానే ఉందని చెప్పేటప్పుడు ఆమె చేతిలోని గిన్నెను గట్టిగా తోముతుంది. అయినా రోజూ అడగకుండా ఉండలేను.

ఆదివారం రా. తాలీసానికి నీడ కోసమని ఉంచిన, దాని మీదికి వాలిన వేప కొమ్మలు కొట్టెయ్యాలి. ఎందుకని సుభద్ర అడిగితే ఏదో ఒకటి చెప్పు, చెప్పడం నీకు చేతనవును. సరుగుడుకు ఎండ కావాలి.