పది గ్రాముల వడ్లు

శాలిబండ

గీతాంజలి అక్కకు,

ఫిలిప్పీన్స్‌లో మీరు పనిచేస్తున్న విత్తనాల బ్యాంకుకు మీ పాత జూనియర్ సవినయంగా చేసుకుంటున్న మనవి. మా ల్యాబు ఇరవై ఏళ్ల కింద మీ దగ్గర దాచమని పంపిన పాత వరి రకంలో పది గ్రాముల వడ్లు తిరిగి పంపగలరు. మా దగ్గరున్నవి బూజుపట్టి చచ్చాయి. దసరా సెలవులకు ముందు మా అటెండరు ఇశ్రాయేలన్న, ముప్పై ఏళ్ల అలవాటు చొప్పున, స్విచ్చులన్నీ ఆపి ఇంటికి వెళ్లాడు. వడ్లు దాచిన ఫ్రీజరుకు కూడా సెలవు దొరికింది.

మీ ఫారంలో ‘కారణం’ అని ఒక గడి ఉంది. అందులో ‘ఎలుక వైరు కొరికింది’ అని గంభీరంగా రాశాను. సాయంత్రం ఇద్దరం ఇంటికెళ్తూ షేర్ ఆటోలో చదివి వినిపిస్తే ఇశ్రాయేలన్న ఊరుకోలేదు.

“పాపం, ఎలుక మీదేస్తవేందిర? బంద్ జేసింది నేను. నా పేరు రాయి.”

“రాస్తే నీ పింఛను ఆపుతరన్నా!”

“ఆపనీ. గా వడ్లు మళ్ల మొలుస్తయా లేదా, గదే నా ఫికర్.”

కాబట్టి నిజమే రాశాను. కింద ఆయనే సంతకం చేశాడు. మార్చి ముప్పై ఒకటిన ఆయన రిటైర్మెంటు. వడ్లు చేరాక మొలకకు ఇంకో వారం పడుతుంది. తేదీలు మీరే చూసుకోండి అక్కా.

మీ జూనియర్