మూడుసార్లు అని రాశాను

అక్కా,

నువ్వు రెండు ఉత్తరాలు రాసినా బదులివ్వలేదు. కోప్పడకు.

ఇనుముకు హైడ్రోజన్‌ను నేరుగా అతికించి నేను చేసిన పదార్థం గుర్తుందిగా. గాలి సోకితే చాలు, మన పిన్నిలా మండిపడుతుందని నవ్వుకున్నాం. అందుకే దాన్ని గాలి చొరబడని గాజుపెట్టెలో, పెట్టెకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి చేయాలి. ఆ హైడ్రోజన్ ఉందని చెప్పే గీత యంత్రంలో కనిపించింది ఒక్కసారే. అచ్చయిన నా వ్యాసంలో మూడుసార్లు అని రాశాను.

ఇప్పుడు వేరే ల్యాబులో ఒకావిడ అది చదివి, ఏడాదిగా చేసినా ఆ పదార్థం రాక, "తప్పు నా చేతిదేనేమో, నేర్పించండి" అని రాసింది. మళ్ళీ నేనే పదకొండుసార్లు చేశాను. ప్రతిసారీ తుప్పురంగు మడ్డే మిగిలింది.

నిన్న మా గైడుగారికి నిజం చెప్పాను. ఆయన లేచి తలుపు మూశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"అయితే చెప్పకు. నీ పట్టా, నా పేరు, ఇక్కడందరి బతుకూ దానిమీదే ఉన్నాయి. ద్రావకంలో తడి ఉందేమో చూసుకోమని ఆవిడకి రాసెయ్."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన చెప్పినట్టే రాసి చింపేశాను. తర్వాత నిజం రాసి, పోస్టు డబ్బా దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. నా దగ్గరే ఉంటే ఆ ఉత్తరాన్నీ చింపేస్తాను. అందుకే దానిమీద ఆవిడ చిరునామా రాసి, ఈ కవరులోనే పెట్టాను.

దాన్ని నువ్వు పోస్టులో వెయ్యి. ముందుగా నాకు ఫోన్ చెయ్యకు. చేస్తే వద్దంటాను.

నీ చెల్లి