మూత పట్టుకున్న కెంచమ్మ

14 డిసెంబరు 1998, సోమవారం

పొద్దున మంచు. ఎనిమిది దాకా గట్టు మీద ఎదురొచ్చే మనిషి కనిపించలేదు. నారుమడికి నాలుగు బండ్ల ఎరువు తోలించాం. మధ్యాహ్నం నీళ్ల సంఘం గదికి పోయి లాప్‌టాప్ తీశాను. లేవలేదు. లోపల టిక్కుటిక్కుమని రెండుసార్లు అంది, అంతే.

మూడేళ్ల కిందట ప్రాజెక్టు ఇంజనీరు సంఘానికి ఇచ్చి పోయిన పెట్టె ఇది. అప్పటికే పాతది. సంఘంలో పీయూసీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పదిహేను రోజులు కూర్చోబెట్టి నాకు నేర్పాడు. నీరుగంటి దురుగప్ప ఏ మడికి ఎన్ని గంటలు తూము తీశాడో వచ్చి చెబుతాడు. నేను ఎక్కిస్తాను. వంతుకు మించి ఎవరు వాడుకున్నా, నీళ్లు తక్కువైన ఏడాది ఆ గంటలు వాళ్లకు కోత పడాలి. సంఘం పెట్టిన రోజే అందరూ వేలిముద్రలు, సంతకాలు వేసిన మాట ఇది.

నీళ్లు తక్కువైన ఏడాది ఇదే. జనవరి 3న మీటింగు, 5న కాలువకు నీళ్లు. కాగితం పుస్తకం అధ్యక్షుడు కోదండరామి ఇంట్లో ఉండేది. చెదలు తిన్నాయట. ఆయన మడి మొదటి తూము కిందే ఉంది. నావి చివరి మళ్లు.

ఇక మూడేళ్ల లెక్క ఈ పెట్టెలోనే ఉంది.

16 డిసెంబరు

చలికి బిగుసుకుందేమోనని మిద్దె మీద గుడ్డ పరిచి ఎండలో పెట్టాను. అరగంటకు లేచింది. లేవగానే తేదీ అడిగింది. దాని లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. ఏ రోజు లేచినా దానికి 1980 జనవరి ఒకటే. డిస్కు నంబర్లు కూడా మర్చిపోతుంది. అన్నీ మళ్లీ చెప్పాలి. చెప్పాను. పదకొండు నిమిషాలు వెలిగి స్క్రీన్ నల్లబడింది.

కోదండరామి వీధిలోంచి చూసి, ఏం తిమ్మక్కా, ఒడియాలు పెట్టినావా, కాకులు ఎత్తుకుపోతాయి చూసుకో అన్నాడు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఒడియాలైతే నీకూ రెండు పంపుతుంటి గదప్పా, ఇవి నీ గంటలు, అరగవు అన్నాను. నవ్వు ఆగింది. ఆయన మాత్రం నవ్వుతూనే వెళ్లాడు.

19 డిసెంబరు

కెంచమ్మ హోటలు ముందు నిలబడి అరిచిందట. నా మడి పక్కదే ఆమెది, ఎకరం పావు. అరవై ఏళ్లుంటాయి. గొంతు మాత్రం కాలువ అవతలికి వినిపిస్తుంది. కోదండరామి మనుషులే పెట్టెలో ఏందో పోసినారు, మా నోట్లో మన్ను కొట్టనీకె చేసినారు అందట. ఇద్దరు అవునన్నారట. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అవుననడానికీ లేదు.

20 డిసెంబరు

కరెంటు రాలేదు.

22 డిసెంబరు

ఏడున్నర బస్సుకు సిరుగుప్ప. పెట్టెను చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు బిడ్డనుకుని సీటు ఇప్పించాడు. నేనూ కాదనలేదు.

రేడియోలు, టీవీలు బాగుచేసే గాదిలింగప్ప మరలన్నీ విప్పి వరసగా సాసర్‌లో పెట్టాడు. ఫ్లాపీ దూర్చే చోట పటకారు పెట్టి లాగాడు. అక్షింతలు రాలాయి. ఏడు గింజలు. తర్వాత బంతిపూల రెక్క. తర్వాత కుంకుమ, గడ్డకట్టి. యాడిదక్కా ఇది, దీనికి పెండ్లి చేసినారా అన్నాడు. పక్క బల్ల మీద పని చేసేవాడు మూర్తం ఎప్పుడని అడిగాడు.

ఆయుధపూజ రోజు చేసింది నేనే. ట్రాక్టరుకు, స్ప్రేయరుకు, కొడవళ్లకు పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టాను. నోరు లాగా తెరిచి ఉంది కదా అని అక్కడే పెట్టాను. అక్షింతలు వేసి దండం కూడా పెట్టుకున్నాను. ఫ్లాపీ లోపలే ఉంది. అది గీసుకుపోయింది. లెక్కకు ఉన్న ఒక్క నకలు అదే.

ఫ్లాపీ పోయింది నా చేత. మిగతాది వయసు చేత. మూత మడతలో తీగ తెగుతోంది. మూతను ఒక వాలులో పట్టుకుంటేనే స్క్రీన్ వెలుగుతుంది. డిస్కు ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు. కొత్తది తెచ్చుకోమన్నాడు. ఇదే కావాలన్నాను. ఇది ముసలిదైపోయిందక్కా అన్నాడు. మా ఊర్లో ముసలోళ్లే ఎక్కువ పని చేస్తాండారప్పా అన్నాను. అడాప్టరు తీగకు రెండు క్లిప్పులు కట్టి ఇచ్చాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఏదైనా చాలట. ఎర్రది ఎర్రదానికే పెట్టాలి. తప్పితే పొగ.

23 డిసెంబరు

కెంచమ్మకు కుంకుమ సంగతి చెప్పాను. సుమ్నే ఊరుకో, నింద కోదండరామి మీదనే ఉండనీ, ఆయప్ప చేసినవి తక్కువా అంది. నువ్వు చెప్తే మన మాటకు ఏం విలువుంటాది అంది.

ఆమె చెప్పింది తప్పని నాకూ అనిపించలేదు. నిజం అదే.

27 డిసెంబరు, ఆదివారం

పది ఇరవైకి కరెంటు వచ్చింది. ఎండలో కాచిన పెట్టెను లోపలికి తెచ్చి పెట్టాను. కెంచమ్మ మూత పట్టుకుంది. వేలెడు ముందుకు జరిగినా నలుపు, వెనక్కి జరిగినా నలుపు. ఈ యమ్మకు మెడ పట్టేసుండాది, ఇట్ల పట్టుకుంటేనే మాట్లాడతాది అంది. తను మాట్లాడితే చెయ్యి కదులుతోందని నేను కసురుకున్నాను. తర్వాత నిజంగానే మాట్లాడలేదు. ఒక చెయ్యి మొద్దుబారితే ఇంకో చెయ్యి మార్చింది. నేను రాశాను. అరవై నాలుగు పేర్లు, ఆరు పంట కార్లు.

కోదండరామికి వంతుకు మించి అరవై ఒక్క గంటలు.

నాకు నాలుగు. 1997 ఫిబ్రవరి. దురుగప్ప జ్వరంతో పడుంటే తూము నేనే మూయాల్సింది, మూయలేదు. ఎక్కించింది కూడా నేనే, మర్చిపోయాను. కెంచమ్మకు చదువు రాదు గానీ నా చెయ్యి ఆగింది చూసింది. ఏందంటే చెప్పాను. నాలుగు గంటలు ఎవురికి కనపడతాయి, రాయొద్దులే అంది. మూత పట్టుకో అన్నాను. రాశాను.

కెంచమ్మకు ఏమీ లేదు. ఆమెకు రావాల్సినవే పందొమ్మిది గంటలు రాలేదు.

ఒంటి గంట ఐదుకు కరెంటు పోయింది. చివరి పేరు పూర్తయింది.

1 జనవరి 1999

లేవలేదు. ఎండలో పెట్టాను, లేవలేదు. అరచేత్తో అడుగున తట్టాను, లేవలేదు. కాగితం ఉంది కదా అని కెంచమ్మ అంది. కాగితాన్ని చెదలు తింటాయి అన్నాను.

2 జనవరి

చివరి మళ్ల వాళ్లు తొమ్మిది మందికి ఒక్కొక్కరికి చెప్పి వచ్చాను, రేపు రమ్మని. నలుగురు చూస్తాం అన్నారు.

3 జనవరి, ఆదివారం

రావాలనుకున్న వాళ్లకంటే ఎక్కువ మంది వచ్చారు. కోదండరామి ముందే లేచి, నా మనుషులు పెట్టెలో ఏందో పోసినారని ఊరంతా చాటినారు, రుజువు చూపండి, లేకుంటే ఈ పెట్టె కథ ఈ పొద్దుతో చాలు, తాతల కాలం నుంచి పై మడి తడిసినాకే కింది మడి, అట్లే కానీ అన్నాడు.

నేను లేచాను. పోసింది నేనే అని చెప్పాను. ఆయుధపూజ, కుంకుమ, అక్షింతలు, అన్నీ చెప్పాను. ఈ విషయంలో ఆయప్ప తప్పు ఏమీ లేదు అన్నాను. గది నవ్వింది. పెట్టెకు పూజారమ్మ దొరికినాది అని ఎవరో అన్నారు. కెంచమ్మ తల వంచుకుంది. నన్ను చూడలేదు.

నవ్వు అయ్యేదాకా ఆగి కాగితం తీశాను. నా నాలుగు గంటలు ముందు చదివాను. తర్వాత వరసగా చదివాను. అరవై ఒక్క గంటల దగ్గర కోదండరామి ఆపాడు. ఇది నువ్వు రాసిన కాగితం, చేతికొచ్చింది రాసినావు, పెట్టెలో చూపించు అన్నాడు. కరెంటు లేదని ఆయనకు తెలుసు.

నీ ట్రాక్టరు బయటనే నిలబడుండాది గదప్పా, దాని బ్యాటరీ ఇయ్యి, నీ బ్యాటరీతోనే చూపిస్తా అన్నాను. అందరి ముందర ఇయ్యను అనలేక ఆయన తల ఊపాడు. దురుగప్ప పోయి బ్యాటరీ విప్పుకొచ్చాడు. కోదండరామి దగ్గర జీతం చేసే మనిషి కూడా ఒక చెయ్యి పట్టాడు.

ఎర్రది ఎర్రదానికి పెట్టాను. టిక్కుటిక్కు. ఆగింది. తీసి మళ్లీ పెట్టాను. ఆగింది. నాలుగోసారి పెట్టెను రెండు చేతులా పట్టుకుని, చాటలో బియ్యం తిప్పినట్టు ఒక్కసారి విదిలించాను. లోపల ఏదో తిరగడం మొదలైంది. తేదీ అడిగింది. చెప్పాను.

కెంచమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి మూత పట్టుకుంది.

కోదండరామి పేరు వచ్చింది. చదువు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వంగి చూసిపోయారు. ఆయన కొడుకు కూడా చూశాడు. అరవై ఒకటి అని వాడి నోటే వచ్చింది. ఏడు నిమిషాలకు స్క్రీన్ నల్లబడింది. మళ్లీ వెలగలేదు, వెలుగుతుందనీ అనుకోను. కోతకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే నలభై ఒకటి లేచాయి. ఈ కారుకు చివరి మళ్లే ముందు. నా మడికి మాత్రం నాలుగు గంటలు కోత.

తిరిగి వస్తూ కెంచమ్మను, కోపమా అని అడిగాను. చేతులు నొప్పి పెడతాండాయి అంది.

5 జనవరి, మంగళవారం

ఆరు పదికి కాలువకు నీళ్లు వచ్చాయి. మొదటి తూము గట్టు మీద కోదండరామి కొడుకులిద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్లకు కాగితం మళ్లీ చదివాను. దురుగప్ప ఆ తూము తెరవలేదు.

పెద్ద కొడుకు ఏడు నలభైకి వెళ్లాడు. చిన్నవాడు ఎనిమిది పదికి. కెంచమ్మ ఎనిమిదింబావుకు, తన మడి వైపు, నీళ్ల వెంబడే నడుచుకుంటూ.