కుట్టు లేని పడవ

నీలమ్మా,

మనం కట్టుకున్న ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఇవాళ సముద్రంలోకి దిగింది. నీ ఆబ్దికం రోజునే దింపాలని మీ అన్న పట్టుబట్టాడు. ఇప్పుడు మన సోనేపూర్‌లో ఫైబర్ పడవలు ఎక్కువున్నది అతనికే. మన తీరంలో పలకలను కొబ్బరితాడుతో కుడితేనే పడవ అనే ఆ రోజుల్లో మాత్రం, మన గుమ్మంలో నిలబడి ఊరంతా వినేలా నవ్వాడు.

"కుట్టు నేని పడవేటి బావా? పుస్తకాలు సదివి నీల్ల తొట్టి సేసినావు!"

"తెరసాప నాను కుడతాను గదన్నా. కుట్టున్నట్టే," అన్నావు నువ్వు.

పట్నంలోని గేట్ బజార్ నుంచి గుడ్డ తెప్పించుకుని జ్వరంతోనే కుట్టావు. పడవ ఎక్కకుండానే పోయావు. ఆ తరువాత ఇన్నేళ్లూ దాన్ని దింపడానికి నాకు మనసు రాలేదు.

ఇవాళ బాహుదా నది మొగ దాటగానే గాలి కొట్టి పడవ పూర్తిగా పక్కకు ఒరిగింది. మీ అన్న "ఓలమ్మో!" అంటూ నా చొక్కా పట్టుకున్నాడు. అడుగున పోసిన సీసం బరువుకు పడవ తనంతట తానే లేచింది, అప్పట్లో అడుగున ఇసుక పోసిన చెంబును నీకు నీళ్లలో తేల్చి చూపించినట్టే. కానీ తెరచాప చిరిగిపోయింది. తెడ్లు వేసుకుని ఒడ్డు చేరాం.

"నైలాన్‌ది కొత్తది కొంతాను బావా, దీన్ని పారేద్దుం," అంటూ మీ అన్న ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది.

తెరచాపను ఇంటికి తెచ్చి వాకిట్లో పరిచి చూశాను. చివికిన గుడ్డే చిరిగింది నీలమ్మా. నీ కుట్టు ఒక్కటీ ఊడలేదు.