ఎడమ వైపు మోత

నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అల్లుడూ వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. కాబట్టి కులాసాగా ఉన్నట్టే. మీరూ అమ్మా బాగున్నారని తలుస్తాను.

ఫోను మానేసి ఈ ఉత్తరమేమిటని అడుగుతారు. అది తర్వాత చెప్తాను. నా బల్ల మీద ఏమేం ఉంటాయని ఆమధ్య అడిగారుగా, ముందు అది. రెండు తెరలు, టకటకమనే కీబోర్డు, మైకున్న హెడ్‌సెట్. హెడ్‌సెట్ తల మీద ఉంటే పలకరించకూడదని మా ఆఫీసులో లెక్క. అందుకని పాటేమీ పెట్టకపోయినా తగిలించుకునే కూర్చుంటాను. ఇంట్లో పని చేసే రోజుల్లో మీ అల్లుడు "కిరీటం దించి అన్నానికి రండి మహారాణీ" అని ఎగతాళి చేస్తాడు.

నెల క్రితం ఎడమ వైపు వినపడటం మానేసింది. వైరు మార్చాను. కొత్త హెడ్‌సెట్ కొన్నాను, అదీ అంతే. అయితే తప్పు లాప్‌టాప్‌దేనని తేల్చేసి, మొత్తం తుడిచి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాను. ఒక్కొక్కటే మార్చి, మార్చినదల్లా కాగితం మీద రాసుకోవడం మీ రిపేరు కొట్లో అబ్బిన అలవాటే కదా. మూడు వారాల్లో పద్నాలుగు వరుసలయ్యాయి. మా టీమ్ లీడ్ ఆ కాగితం చూసి, "తల్లీ, దీనికంటే మన ప్రాజెక్టే నయం" అన్నాడు.

మొన్న సోమవారం మీటింగుకి ఆలస్యమై హెడ్‌సెట్ తిరగేసి పెట్టుకున్నాను. ఎడమ వైపుది కుడి చెవికి వచ్చి శుభ్రంగా పలికింది. కుడి వైపుది ఎడమ చెవి మీద కిక్కురుమనలేదు.

స్పీకరు పలక్కపోతే మొదట అటుదిటు మార్చి చూడాలని పదేళ్ళప్పుడే నేర్పారు. ఆ పద్నాలుగు వరుసల్లో అదొక్కటీ లేదు. నా చెవిని నేను అనుమానించనే లేదు నాన్నా.

డాక్టరమ్మ పరీక్ష చేసి, "మొదటి వారంలోనే వచ్చుంటే మందులకి లొంగేదేమో. ఇప్పుడు ఆశ తక్కువమ్మా" అంది. సరేనన్నాను. బస్సెక్కి వచ్చి మిగిలిన పని చేసుకున్నాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. మీ అల్లుడు నా కుడి పక్కకి మారి నడుస్తున్నాడు. ఫోనులో అమ్మ "ఏమ్మా" అంటే ఏం చెప్పాలో తెలియక ఉత్తరం రాస్తున్నాను.

ఇంకొకటుంది. లెక్కల మాస్టారి రికార్డ్ ప్లేయర్ బాగుచేసి, ఎడమ వైపు గుయ్యిమనే మోత పోయిందో లేదో వినమని రికార్డు చేసి పంపారు. మీ చెవులు ముసలివైపోయాయి, నావైతే నమ్మొచ్చని రాశారు. అప్పటికే నాకు ఆ వైపు ఏమీ వినపడటం లేదు. హెడ్‌సెట్ పాడైంది, బాగయ్యాక వింటానని ఒక్క ముక్క రాస్తే పోయేది. పని తొందరలో "చుక్క మోత లేదు, మీ చేతికి తిరుగులేదు" అని రాసేశాను. అబద్ధం నాన్నా. వినకుండానే రాశాను.

ఇవాళ హెడ్‌సెట్ తిరగేసి పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. పాట అయిపోయాక చివర్లో మీ గొంతుంది: "విన్నావా అమ్మా?"

ఇప్పుడు విన్నాను నాన్నా. మోత అలాగే ఉంది. సెట్టు మాస్టారికి ఇచ్చేసి ఉంటే వెనక్కి తెప్పించండి.

ఇట్లు,
కొట్లో మీ పక్కన స్టూలు మీద కూర్చునే
మీ చిన్నమ్మాయి